మల్కోవాల్ సీసా: వైద్యపరిశోధకుల జీవితచరిత్రలలో నిష్పాక్షికత

ముంబయి నగరమున పరేలు ప్రాంతమందు ఒక పురాతన భవనము కలదు. ఒకప్పుడది బొంబాయి గవర్నరుల నివాసము. 1899లో అందు ప్లేగు పరిశోధనాలయము నెలకొనెను. 1925 నుండి ఆ సంస్థకు హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూటు అను పేరు వ్యవహారములోనికి వచ్చినది. ఏ శాస్త్రజ్ఞుని పేర ఆ సంస్థ నేటికిని నిలిచియున్నదో, ఆ శాస్త్రజ్ఞుని అంతకు రెండు దశాబ్దములకు పూర్వము ప్రభుత్వమే ఆ భవనమునుండి తొలగించెను. పందొమ్మిదిమంది గ్రామస్థుల మరణమునకు అతని ప్రయోగశాలయే కారణమని అభియోగము. తొలగించినదియు ప్రభుత్వమే, పిదప పేరు పెట్టినదియు ప్రభుత్వమే. ఇట్టివాని జీవితచరిత్రను వ్రాయబూనినవాడు ఎచ్చట నిలిచి వ్రాయవలెనన్నది చిన్న ప్రశ్న కాదు.

వైద్యపరిశోధకుని చరిత్ర కవిచరిత్ర వంటిది కాదు. కవి పద్యమున యతిభంగమైనచో పండితుని చెవికి మాత్రమే నొప్పి. పరిశోధకుని సీసాలో దోషమున్నచో ప్రాణహాని. అతనికి కలిగిన కీర్తి గాని అపకీర్తి గాని అతనితో తీరిపోదు. దానిని చదివిన తల్లి తన బిడ్డకు టీకా వేయింపవలెనా వలదా యని నిశ్చయించుకొనును. అందుచేత వివాదగ్రస్తులైన వైద్యపరిశోధకుల జీవితములు ఎచ్చట వ్రాయబడినను అచ్చట కలహము తప్పలేదు. పూర్వమీ కలహము పత్రికలలోను, ప్రభుత్వ నివేదికలలోను సాగెను. 2001 జనవరి 15వ తేదీన వికీపీడియా ప్రారంభమైన పిమ్మట అది ఇంటర్నెట్టు విజ్ఞానసర్వస్వములకు ప్రాకినది. ఎవ్వరు కావలసినను వ్రాయవచ్చును, ఎవ్వరు కావలసినను దిద్దవచ్చును అను నియమము గల చోట, వివాదపురుషుని గూర్చిన వ్యాసమున ఒక్కొక్క విశేషణమునకును యుద్ధము జరుగుట వింత గాదు. అచ్చటి మూలసూత్రము తటస్థ దృక్కోణము. ఆ తటస్థత యననేమి యన్నదే తగవు.

పెక్కుమంది తలచునట్లు తటస్థతయనగా ఇరుపక్షముల వాదమును చెరిసగముగా పంచుట. మన బాలశిక్షలలో పిల్లుల తగవును కోతి తీర్చిన కథ అందరెఱిగినదే. త్రాసు రెండు సిబ్బెలును సమముగా నిలుపవలెనను నెపముతో కోతి రొట్టె నంతయు తినివేసెను. చెరిసగపు తటస్థతలోను అదియే జరుగును: చివరకు మిగులనిది సత్యము. హాఫ్‌కిన్ ఉదంతము ఈ విషయమును స్పష్టముగా చూపును గావున దానిని కొంత విపులముగా పరిశీలింపవలసియున్నది.

వాల్డెమార్ హాఫ్‌కిన్ 1860లో నాటి రష్యా సామ్రాజ్యములోని ఒడెస్సా నగరమున యూదు కుటుంబమున జన్మించెను. జంతుశాస్త్రమభ్యసించి మెచ్నికోవునకు శిష్యుడయ్యెను. యూదుడగుటచే స్వదేశమున పదవికి అవకాశము లేకుండెను. మతము మార్చుకొనిన దొరకెడిది, అతడు మార్చుకొనలేదు. 1888లో జెనీవా చేరి, మరుసటి యేట పారిసులోని పాశ్చరు సంస్థలో గ్రంథాలయ సహాయకుడుగా కుదిరెను. పుస్తకములు సర్దు ఉద్యోగములో నుండియే పరిశోధన సాగించి కలరాకు టీకాను సిద్ధముచేసి, 1892 జూలైలో మొదట తన శరీరముననే ప్రయోగించుకొనెను. 1893లో భారతదేశమునకు వచ్చి బంగాళము మొదలగు ప్రాంతములలో వేలకొలది ప్రజలకు ఆ టీకా వేసెను. అతనికి వైద్యపట్టము లేదు. ఇది గుర్తుంచుకొనవలసిన సంగతి. ఇండియన్ మెడికల్ సర్వీసులోని ఆంగ్లవైద్యులకు తమపై ఒక పట్టములేని విదేశీయుడు, అందును రష్యా దేశపు యూదుడు, అధికారి యగుట రుచింపలేదు.

1896లో బొంబాయిలో ప్లేగు పొడచూపెను. మాండ్వి వీథులలో మొదలైన ఆ మహామారి నగరమంతటిని ముంచెత్తెను. బైకల్లాకు చేరువనున్న కామాఠిపురము నిజాము రాజ్యమునుండి వలసపోయి బొంబాయి మేడలకు రాళ్లెత్తిన తెలుగు కామాఠీల పేర వెలసినదే గదా. మన్యమైన ఇండ్లు లేక ఇరుకు చాళ్లలో కాపురముండిన అట్టి శ్రామికజనమే ప్లేగు దినములలో ఎక్కువ కష్టములకు లోనగుట సహజము. ఇంటింటి సోదాలు, రోగులను బలవంతముగా వేరుచేయుట, సామానులను తగులబెట్టుట మున్నగు చర్యలకు ప్రజలు వెఱచిరి, కోపించిరి. 1897 జూన్‌లో పూనాలో ప్లేగు అధికారి రాండును చాపేకరు సోదరులు కాల్చిరి. టీకాపై నమ్మకము గాని అపనమ్మకము గాని ఈ వాతావరణములో పుట్టినదేకాని ప్రయోగశాలలో పుట్టినది కాదు.

హాఫ్‌కిన్ 1896 అక్టోబరులో బొంబాయి చేరి గ్రాంటు వైద్యకళాశాలలో ఒక చిన్నగదిలో పని నారంభించెను. మాంసరసముపై రెండు చుక్కల నేయి తేలవేసినచో, ప్లేగు క్రిములు ఆ నేతిచుక్కలను ఆధారముగా చేసికొని క్రిందికి ఊడలవలె పెరుగుటను అతడు కనిపెట్టెను. అట్లు పెంచిన క్రిములను వేడిచే చంపి, కార్బాలిక్ ఆమ్లము కలిపి టీకామందును తయారుచేసెను. 1897 జనవరి 10వ తేదీన దానిని తానే మొదట పొడిపించుకొనెను. ఆ నెల చివరనే బైకల్లా జైలులో ప్లేగు ప్రవేశింపగా, ఇష్టపడిన ఖైదీలకు టీకా వేసి మిగిలినవారితో పోల్చి ఫలితములు లెక్కించిరి. ఆగాఖాను బహిరంగముగా తాను టీకా వేయించుకొని తన ఖోజా సమాజమునకు ధైర్యము చెప్పెను. పని పెరిగి, స్థలము చాలక, 1899లో పరేలు భవనమునకు ప్రయోగశాల మారెను.

1902లో పంజాబులో ప్లేగు తీవ్రమయ్యెను. ప్రభుత్వము టీకాలను పెద్దయెత్తున వేయదలచి లక్షలకొలది మోతాదులను కోరెను. ఆ గిరాకీని తట్టుకొనుటకు హాఫ్‌కిన్ తయారీ పద్ధతిని మార్చెను. క్రిములను త్వరగా పెంచు వేరొక విధానమునవలంబించి, కార్బాలిక్ ఆమ్లమును మాని, వేడిమి మీదనే ఆధారపడెను. అక్టోబరు 30వ తేదీన మల్కోవాల్ అను గ్రామమున, అది నేడు పాకిస్తాను పంజాబులోనిది, 107 మందికి టీకా వేసిరి. వారిలో ఒకే సీసాలోని మందు పొందిన 19 మందికి కొలది దినములలో ధనుర్వాతము కలిగెను. పందొమ్మిదిమందియు మరణించిరి. ఇతర సీసాల మందు పొందిన మిగిలినవారికి ఏ ఆపదయు కలుగలేదు. ఆ సీసాపై నున్న గుర్తు 53-ఎన్.

ఇంతవఱకు తగవు లేదు. తగవంతయు ఈ ఒక్క ప్రశ్నలో నున్నది: ధనుర్వాతపు బీజము సీసాలోనికి ఎక్కడ ప్రవేశించినది? పరేలులోనా, మల్కోవాలులోనా?

బొంబాయి ప్రధాన న్యాయమూర్తి సర్ లారెన్సు జెంకిన్సు అధ్యక్షతను ఒక విచారణసంఘము కూర్చుండెను. సీసాను తెరచుటకు పూర్వమే, అనగా ప్రయోగశాలలోనే, అది కలుషితమైనదని ఆ సంఘము నిర్ణయించెను. కార్బాలిక్ ఆమ్లమును మానుటను తప్పుగా నెంచెను. హాఫ్‌కిన్ పదవి పోయెను. అతడు 1904లో ఇంగ్లండు చేరి తన నిర్దోషిత్వమును నిరూపించుకొనుటకు తిరుగజొచ్చెను. సంఘము చేతికి వచ్చిన సాక్ష్యములన్నియు 1906 చివరి వఱకు లోకమునకు వెల్లడి కాలేదు. శిక్ష ముందు, సాక్ష్యము పిదప! న్యాయశాస్త్రమున ఇట్టి క్రమము కానరాదు.

ఆ సాక్ష్యములు బయల్పడిన పిమ్మట కథ తలక్రిందయ్యెను. మల్కోవాలులో సీసా బిరడాను తీయు సమయమున వైద్యుని సహాయకుని చేతినుండి పట్టకారు నేలపై పడెను. దానిని ఒకింత క్రిమినాశక ద్రవములో ముంచి, సరిగా శుద్ధిచేయకయే, ఆ పట్టకారుతోనే బిరడాను తీసిరి. ధనుర్వాతపు బీజములు నేల మట్టిలో నుండునన్నది తెలిసిన సంగతియే. వైద్యుడు సీసాను తెరచినప్పుడు దుర్వాసన ఏదియు లేదని చెప్పియుండెను. అనేక వారములకు పూర్వమే నింపిన సీసాలో ఆ క్రిమి అన్నినాళ్లు పెరిగియున్నచో వాసన రాకుండుటెట్లని శాస్త్రజ్ఞులు ప్రశ్నించిరి. కలకత్తా ఆరోగ్యాధికారిగా నుండిన సింప్సను ఈ సాక్ష్యమునంతటిని విడమరచి వ్యాసము వ్రాసెను. 1907 జూలైలో రోనాల్డు రాసును మఱి తొమ్మిదిమంది ప్రముఖ శాస్త్రజ్ఞులును సంతకముచేసి లండను టైమ్సు పత్రికకు లేఖ పంపిరి. ప్రయోగశాలలోనే సీసా కలుషితమయ్యెనన్న ఆరోపణ ఋజువు కాకపోవుటయే గాక, అది సత్యము కాదని చూపు బలమైన సాక్ష్యము కలదని అందలి సారాంశము. ఆ సంవత్సరము చివర ప్రభుత్వము అతనిని మరల కొలువునకు పిలిచెను. అతడు కలకత్తాకు వచ్చెను గాని పరేలునకు రాలేదు. పూర్వపు అధికారము గాని, క్రొత్త టీకాలను మనుష్యులపై పరీక్షించు అవకాశము గాని అతనికి దక్కలేదు. 1930లో లౌసానులో మరణించెను.

సికింద్రాబాదు నివాసులకు రోనాల్డు రాసు పేరు పరిచితము. 1897 ఆగస్టు 20వ తేదీన బేగంపేటలోని చిన్న ప్రయోగశాలలో దోమ ఉదరమున మలేరియా క్రిమిని కనుగొన్నవాడతడే. అతని చరిత్రయు తగవులమయమే. మనుష్యులకు మలేరియా కలిగించు దోమజాతిని నిరూపించిన కీర్తి తనదని ఇటలీ దేశపు గ్రాసి వాదించెను. 1902లో నోబెలు బహుమతి రాసునకే దక్కినను ఆ కలహము వారిద్దరి జీవితాంతమువఱకు చల్లారలేదు. ఇక హాఫ్‌కిన్ జీవితచరిత్రను 1964లో పుస్తకరూపమున వెలువరించిన సెల్మన్ వాక్స్‌మను సంగతి యేమి? స్ట్రెప్టోమైసిను ఔషధమునకుగాను 1952లో నోబెలు బహుమానము పొందిన ఆ మహాశయునిపై, అంతకు రెండేండ్ల ముందు శిష్యుడు ఆల్బర్టు షాట్జు వ్యాజ్యము వేసి, సహపరిశోధకుడుగా గుర్తింపబడెను. ఈ ఒడంబడిక జరిగిన పిమ్మట కూడ బహుమతి ఒక్కనికే వచ్చెను. హాఫ్‌కినును సమర్థించిన ఇరువురు ప్రముఖులును స్వయముగా వివాదపురుషులేయన్నమాట. వాదియెవడో చూచి సాక్ష్యమును తూచువానికి ఈ సంగతి ఒక హెచ్చరిక. రాసు తగవులమారియగుటచేత పట్టకారు నేలపై పడకుండలేదు.

హాఫ్‌కినును గూర్చి వ్రాసినవారిలో మూడు తీరులు కానవచ్చును. ఒక తీరువారు ప్రభుత్వ నివేదికనే ప్రమాణముగా గైకొని, అధికారి అజాగరూకతచే ప్రజలు చచ్చిరని ముగింతురు. రెండవ తీరువారు ఫ్రాన్సులోని డ్రైఫసు వ్యవహారముతో పోల్చి, యూదుడగుటచేతనే ఆతనిని బలిచేసిరని, అతనియందు దోషలేశమును లేదని చెప్పుదురు. మూడవ తీరువారు, వారే తటస్థులమనుకొనువారు, 'కొందఱు దోషియనిరి, కొందఱు నిర్దోషియనిరి' అని వ్రాసి చేతులు కడుగుకొందురు. వీరిలో మూడవవారే పాఠకునకెక్కువ అపకారము చేయుదురు. మొదటివాడు పక్షపాతియని పాఠకుడు గ్రహించును. రెండవవాడు భక్తుడని గ్రహించును. మూడవవానియందు మాత్రము అతనికి అనుమానము కలుగదు.

నిష్పాక్షికుడు చెప్పవలసినదేమి? తయారీ పద్ధతి మారినది వాస్తవము, దానిని దాచరాదు. తొందరలో మారినది వాస్తవము. విచారణసంఘము ప్రయోగశాలను దోషిగా నిర్ణయించినది వాస్తవము. ఆ నిర్ణయము దొరికిన సాక్ష్యమునకు విరుద్ధమని పదిమంది శాస్త్రజ్ఞులు చూపినదియు, ప్రభుత్వము వెనుకకు తగ్గినదియు వాస్తవమే. సాక్ష్యపు బరువు పట్టకారు వైపే మొగ్గినది. ఇది మధ్యమార్గము కాదు. త్రాసు ఎటు వంగునో అటు వంగనిచ్చుట. అతడు యూదుడు కాకయుండినచో, వైద్యపట్టము గలవాడైయుండినచో అంత త్వరగా దండింపబడెడివాడాయన్న ప్రశ్నను కూడ లేవనెత్తవచ్చును. కాని ప్రశ్నను ప్రశ్నగానే యుంచవలెను.

ఇప్పుడు విజ్ఞానసర్వస్వముల ప్రసక్తికి రావలెను. వికీపీడియా నియమములలో తటస్థతకు అర్థము చెరిసగము కాదు. నమ్మదగిన గ్రంథములలో ఏ అభిప్రాయమునకెంత స్థానమున్నదో వ్యాసమందును అంతయే స్థానమీయవలెను. జీవించియున్నవారి చరిత్రలకు మఱింత కట్టుబాటు కలదు. 2005లో అమెరికా దేశపు వృద్ధ పాత్రికేయుడు జాన్ సీగెంథాలరును గూర్చిన వ్యాసములో, కెన్నెడీ హత్యతో అతనికి సంబంధమున్నట్లు ఎవడో ఆకతాయి వ్రాయగా, ఆ అబద్ధము నాలుగు మాసములపైగా అట్లే నిలిచియుండెను. ఆతడు పత్రికాముఖమున మొఱపెట్టుకొనిన పిదపనే లోకము మేల్కొనెను. ఆధారములేని నిందను చర్చకై వేచియుండక వెంటనే తొలగింపవలెనను నియమము ఆ కాలముననే బలపడెను. వ్యాసములో జరిగిన ప్రతి మార్పును ఎవరు, ఎప్పుడు చేసిరో భద్రపఱచుట ఆ పద్ధతిలోని గొప్ప సుగుణము. జెంకిన్సు సంఘపు సాక్ష్యములు మూడేండ్లు బీరువాలలో నుండెను. ఇచ్చటి తగవు మాత్రము పాఠకుని కన్నులయెదుటనే జరుగును.

ఆ కట్టుబాట్లకు కఠినపరీక్ష వంటి ఉదాహరణము బ్రిటిషు వైద్యుడు ఆండ్రూ వేక్‌ఫీల్డు చరిత్ర. లండనులోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో పనిచేయుచుండిన ఇతడు 1998 ఫిబ్రవరిలో మఱి పన్నెండుగురితో కలిసి లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసమును ప్రకటించెను. పరీక్షింపబడిన పిల్లలు 12 మంది. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా వ్యాధులకు కలిపి వేయు టీకాకును, ప్రేగులవ్యాధికిని, ఆటిజమునకును సంబంధమున్నదేమో యన్న అనుమానమును ఆ వ్యాసము లేవనెత్తెను. సంబంధమును నిరూపించితిమని అందు చెప్పలేదు. కాని పత్రికావిలేఖరుల సమావేశమున అతడు ఆ టీకాను విడగొట్టి వేయవలెనని సూచించెను. గోరంత కొండంతయయ్యెను. ఇంగ్లండులో ఆ టీకా వేయించుకొను పసివారు నూటికి సుమారు తొంబదిరెండు నుండి ఎనుబదికి దిగిరి. 2006లో అచ్చట తట్టు సోకి ఒక బాలుడు మరణించెను. 1992 తరువాత ఆ దేశమున అట్టి మరణము అదే మొదటిది.

2004లో బ్రయను డీరను పాత్రికేయుడు సండే టైమ్సు పత్రికలో అసలు సంగతులను వెలికి తీసెను. టీకా తయారీసంస్థలపై వ్యాజ్యము నడపు న్యాయవాదులనుండి వేక్‌ఫీల్డు ధనము గైకొనినట్లు తేలెను; ఆ మొత్తము 4,35,643 పౌనులని 2006లో వెల్లడియయ్యెను. 2004 మార్చిలోనే సహరచయితలలో పదిమంది ఆ వ్యాసపు వ్యాఖ్యానమును ఉపసంహరించుకొనిరి. 2007 నుండి సాగిన విచారణ ముగిసి, 2010 ఫిబ్రవరిలో లాన్సెట్ ఆ వ్యాసమును పూర్తిగా రద్దుచేసెను. మే మాసమున జనరల్ మెడికల్ కౌన్సిలు వైద్యుల పట్టికనుండి అతని పేరును తొలగించెను. ఒక పుట్టినరోజు పండుగలో పిల్లలకు ఐదేసి పౌనులిచ్చి రక్తము తీయించిన సంగతి కూడ ఆ విచారణలో బయటపడెను. డెన్మార్కు దేశమున 2002లో 5,37,303 మంది పిల్లలను, 2019లో 6,57,461 మంది పిల్లలను పరిశీలించి ప్రకటించిన అధ్యయనములలో ఆ టీకాకును ఆటిజమునకును సంబంధము కానరాలేదు.

ఆంగ్ల వికీపీడియాలోని అతని వ్యాసమునకు తొలివాక్యమే రణరంగమైనది. మోసగాడను అర్థమిచ్చు మాటను ఇటీవలి కూర్పులలో ఆ వాక్యముననే యుంచిరి. జీవించియున్నవానిని మొదటిమాటలోనే అట్లనుట తటస్థతకు భంగమని కొందఱు, నమ్మదగిన ఆధారములు అట్లే చెప్పుచున్నప్పుడు మెత్తని మాట వాడుటయే పక్షపాతమని మఱికొందఱు చర్చాపుటలో పోరాడిరి. అతని అభిమానుల వాదము ఇంకొకటి కలదు: 'నాడు హాఫ్‌కినును వెలివేసిరి, పిదప పేరు పెట్టిరి, నేడు వేక్‌ఫీల్డును వెలివేసిరి, రేపు పేరు పెట్టుదురు.' వెలివేయబడుటయే సత్యసంధతకు గుర్తుగా చూపు ఈ వాదము వినుటకు ఇంపుగానుండును.

కాని రెండు ఉదంతములను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన భేదము తేటపడును. హాఫ్‌కిన్ విషయమున సాక్ష్యములు వెల్లడియైన కొలది నింద సడలెను. వేక్‌ఫీల్డు విషయమున సాక్ష్యములు వెల్లడియైన కొలది నింద బిగిసెను. మొదటివాని ప్లేగుటీకాను ఇతరులు తయారుచేసి, వేసి, లెక్కలు కట్టి దాని మేలును చూచిరి. రెండవవాని అనుమానమును ఇతరులు లక్షలమంది పిల్లలలో వెదకియు కానరైరి. తన టీకాను హాఫ్‌కిన్ తనపైననే మొదట ప్రయోగించుకొనెను. వెలి ఇద్దఱికిని సమానమే. సాక్ష్యము సమానము కాదు. జీవితచరిత్రకారుడు కొలవవలసినది నిందితుని ఏకాంతమును కాదు.

ఇంతమాత్రమున వేక్‌ఫీల్డుతోపాటు విచారింపబడిన వారందఱిని ఒకే గాట కట్టుటయు తగదు. అదే విచారణలో పట్టికనుండి తొలగింపబడిన ఆచార్య జాన్ వాకర్ స్మిత్తు ఉన్నతన్యాయస్థానమునాశ్రయించెను. 2012 మార్చిలో ఆ న్యాయస్థానము కౌన్సిలు నిర్ణయమును అతని విషయమున కొట్టివేసెను. దీనిని వేక్‌ఫీల్డు నిర్దోషియనుటకు సాక్ష్యముగా కొందఱు వాడుకొనిరి. అది న్యాయము కాదు, తీర్పు అతనిని గూర్చినది కాదు. మఱికొందఱు దీనిని చెప్పకయే విడిచిరి. అదియు న్యాయము కాదు. తన పక్షమునకు చిక్కు తెచ్చు సంగతిని తానే ముందుగా వ్రాయగలవాని లేఖిని యందే పాఠకునకు విశ్వాసము కుదురును.

ఈ తగవులలో క్రియాపదములే తీర్పరులు. తెలుగున దీనికి మంచి దృష్టాంతములు కలవు. ఒకడు మాటాడినదానిని 'చెప్పెను' అనవచ్చును, 'ఒప్పుకొనెను' అనవచ్చును, 'బుకాయించెను' అనవచ్చును. ఒప్పుకొనెననిన తప్పున్నట్లే, బుకాయించెననిన తప్పును కప్పిపుచ్చుచున్నట్లే. మల్కోవాలులో పందొమ్మిదిమంది 'మరణించిరి' అనుటకును, వారిని 'పొట్టన పెట్టుకొనెను' అనుటకును నడుమ ఒక విచారణసంఘమంత దూరమున్నది. 'అట' యను రెండక్షరములు చేర్చిన చాలును, ఋజువైన సంగతియు పుకారగును. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో వైద్యపరిశోధకుల వ్యాసములు పెక్కులు ఆంగ్లమునుండి అనువదింపబడినవే. ఆంగ్లమున ఏండ్లతరబడి పోరాడి నిలిపిన ఒక్క విశేషణమును అనువాదకుడు ఎట్టి చర్చయు లేక ఒక్క గడియలో తేల్చివేయును. కర్ణాటకమునను, తమిళనాటను, ఒడిస్సాలోను, మహారాష్ట్రమునను చెదరియున్న తెలుగువారి పిల్లలలో అనేకులకు తెలుగు చదువు అరకొరగానే దొరకుచున్నది. వారు తెలుగున ఒక వైద్యుని గూర్చి చదువు మొదటి వాక్యమే వారికి తుదివాక్యము కావచ్చును.

ఈ జాగ్రత్త తెలుగువారికి క్రొత్తది కాదు. గురజాడ శ్రీరామమూర్తి కవిజీవితములలో వాడుకలోనున్న కథలను ప్రేమతో ప్రోగుచేసెను. వీరేశలింగము కవుల చరిత్రలో వానిని శాసనములతోను, గ్రంథసాక్ష్యములతోను సరిచూచి, నిలువని కట్టుకథలను త్రోసివేసెను. పుక్కిటి పురాణములను నమ్మినవారు నొచ్చుకొనిరి. అయినను కవుల కాలనిర్ణయము ముందునకు సాగినది. నాగపూరులో చదువుకొని మరాఠీలోను వ్రాసిన కొమఱ్ఱాజు లక్ష్మణరావు తెలుగువారికి విజ్ఞానసర్వస్వమును సంకల్పించెను. మహారాష్ట్రమునందలి తెలుగువారు ఆయనను తమవానిగా చెప్పుకొనుట న్యాయమే. ఆ మహాకార్యము పూర్తిగాకయే 1923లో ఆయన దివంగతుడయ్యెను. విజ్ఞానసర్వస్వమున ఒక్క వాక్యము వ్రాయుటకు ఎంత చదువవలెనో ఆ వెలువడిన సంపుటములను తెరచినవారికి తెలియును.

హాఫ్‌కిన్ చరిత్రకు తిరిగి వచ్చిన, ఒక లోపము మిగిలియున్నది. అతని శత్రువులు వ్రాసినను, మిత్రులు వ్రాసినను ఆ కథలో అతనికి పేరున్నది, న్యాయమూర్తికి పేరున్నది, లేఖపై సంతకము చేసినవారికి పేర్లున్నవి, సీసాకు సైతము సంఖ్యయున్నది. ప్లేగునుండి బ్రతుకవలెనని నమ్మి చేయి చాచిన ఆ గ్రామస్థులు మాత్రము పందొమ్మిది అను అంకెగానే మిగిలిరి. వేక్‌ఫీల్డు వ్యాసములోని పిల్లలు పన్నెండు అను అంకెగా నిలిచినట్లే. పిల్లల పేర్లను దాచుట ధర్మము, అది వైద్యనీతి. మల్కోవాలు వారి పేర్లను దాచినవారెవ్వరును లేరు. వారిని అడిగిన చరిత్రకారులే అరుదు. వారి కుటుంబములు ఆ పిమ్మట టీకాను నమ్మెనా, ఆ ఊరివారు మరల వచ్చిన ప్లేగునెట్లు ఎదుర్కొనిరి అను సంగతులు హాఫ్‌కిన్ జీవితచరిత్రలో ఒక ప్రకరణమునకు తగినవి. 1964లో భారత తపాలాశాఖ హాఫ్‌కిన్ చిత్రముతో ఒక బిళ్లను వెలువరించెను. ఆ సంవత్సరముననే వాక్స్‌మను గ్రంథమును వెలువడెను. మల్కోవాలున బిరడాను తీసిన ఆ పట్టకారు ఎందునను చిత్రింపబడలేదు.